ఖాళీ మొల

"ఆడు నిన్న ఫోను సెయ్యనేదంటే ఏటో అయిపోయిందండీ. నా మాట ఇనుకోండి" అంది సింహాచలమ్మ, కాఫీ గ్లాసు గల్లాపెట్టె పక్కన పెడుతూ.

శంకరరావు కాటా మీంచి కళ్లు తిప్పలేదు. కొల్నార నుంచి రాయగడలోని కొట్టుకి వచ్చిన చింతపండు బస్తా కాటా ముల్లుని అటూ ఇటూ ఊపుతోంది. అది నిలిచేదాకా ఆగి, బరువు పైకి చెప్పి, అప్పుడు గ్లాసు అందుకున్నాడు.

"ఒక్క పూట ఫోను రాపోతే అయిపోడవేనేటే? మొన్న పాలోడు ఆలీసవైతే ఆడిని లారీ కింద ఎట్టీసేవు. ఆడేమో అత్తోరింట్లో బూరెలు తినొచ్చేడు."

బస్తాలు మోసే గురువులు తలగుడ్డ సర్దుకుంటూ నవ్వాడు. "అమ్మగారి నాలిక మీద మచ్చున్నాదేటో సూడాల బాబూ. అన్నదల్లా జరిగిపోతే మేవందరం ఏటైపోతాం?"

సింహాచలమ్మ నాలిక కరుచుకుంది. కొడుకు హరీష్ కొరాపుట్ కొండల్లో కంపెనీ టౌన్‌షిప్‌లో టెక్నీషియన్. రోజూ డ్యూటీ దిగగానే ఫోను చేసి, "తిన్నాను, బాగున్నాను" అంటాడు. ఆ రెండు మాటలూ వింటేనే ఆమెకి అన్నం సయిస్తుంది. నిన్న అవి రాలేదు.

బస్తా గోదాంలోకి చేరకముందే షాపు ఫోను మోగింది. హరీష్‌తో పాటు గదిలో ఉండే సాయిరాం. శంకరరావు "ఆఁ... ఆఁ..." అంటూ వింటూనే దగ్గరున్న బస్తా మీద కూలబడ్డాడు. మలేరియా తలకెక్కిందట. పని మీద ఉండగానే పడిపోయాడట. టౌన్‌షిప్ ఆస్పత్రిలో ఐ.సి.యు.లో పెట్టారట.

గురువులు నవ్విన నోరు అలాగే ఉండిపోయింది. కొట్లో ఉన్నవాళ్లంతా తనవైపే చూస్తున్నట్టు అనిపించి సింహాచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఇంకా రాలేదు. ఆ నాలిక ఎవరికీ కనిపించకూడదనిపించింది.

రైలు కొండెక్కుతూ సొరంగం తర్వాత సొరంగం దూరుతుంటే, చీకటి పడ్డప్పుడల్లా రాయగడ మజ్జిగౌరమ్మకి ఒక మొక్కు మొక్కింది. వెలుతురు రాగానే అది చాలదేమోనని ఇంకొకటి కలిపింది. కోడి, చీర, వెండి కళ్లు. కొరాపుట్ చేరేసరికి భర్త తలనీలాలు కూడా అమ్మవారికి ఇచ్చేసింది, ఆయన్ని అడక్కుండానే.

ఐ.సి.యు. తలుపుకి సగం దాకా అద్దం. ఆ అద్దానికి లోపల ఆకుపచ్చ తెర. తెర కదిలినప్పుడల్లా వరండాలో కూర్చున్నవాళ్ల మెడలన్నీ ఒకేసారి లేచేవి. సింహాచలమ్మకి హరీష్ పాదాలు మాత్రం కనిపించాయి. దుప్పటి చాలక బయటికొచ్చిన పొడుగాటి పాదాలు.

"ఓలప్ప, కాళ్లు సల్లబడిపోతాయి కదండీ, ఎవులూ కప్పరేటి?"

లోపలి నుంచి ఒక నర్సు వచ్చి ఆ పాదాల మీదికి దుప్పటి లాగింది. నల్లటి సన్నపిల్ల. ముంజేతుల మీద పచ్చబొట్లు. సింహాచలమ్మ పచ్చబొట్లు చూసింది, దుప్పటి లాగిన చేతుల్ని చూడలేదు.

డాక్టరు చంద్రశేఖరం పేరు వినగానే ఆమెకి కొంచెం ఊపిరాడింది. విజయనగరం కుర్రాడట. మనవాడే. అతను ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"బీపీ పడిపోతోందమ్మా. నిలబెట్టే మందు చేతి నరంలోంచి ఎక్కువసేపు ఇస్తే అక్కడి కండ పాడవుతుంది. లోపలున్న పెద్ద సిరలోకి సన్నటి గొట్టం వెయ్యాలి. మెడ దగ్గర వెయ్యొచ్చు, భుజం ఎముక కింద వెయ్యొచ్చు, తొడ మొదట్లో వెయ్యొచ్చు. గుడ్డిగా గుచ్చం. స్కానింగ్ మిషన్‌లో సిర కనిపిస్తూంటే చూస్తూ వేస్తాం."

"స్కానింగా?" సింహాచలమ్మ భర్త వైపు చూసింది. "అది కడుపుతో ఉన్నోలికి సూసేది కాదేటండీ? మావోడు మొగపిల్లడు బాబూ!"

శంకరరావు తల దించుకున్నాడు. డాక్టరు నవ్వలేదు. "ఆ మిషనేనమ్మా. కడుపులో బిడ్డని చూసినట్టే సిరనీ చూడొచ్చు. ఈ మూడు చోట్లలో ఏది మేలో మేం పోల్చి చూస్తున్నాం. మెడ దగ్గరైతే మనిషి తల తిప్పుకోలేడు. ఎముక కిందైతే ఊపిరితిత్తి పక్కనే. తొడ దగ్గర చీము పట్టే భయం ఎక్కువని అందరూ అంటారు. సరిగ్గా శుభ్రం చేస్తే అంత ఉండదని నాకనిపిస్తోంది. ఇప్పటిదాకా తొడకి వేసినవాళ్లలో ఒక్కరికీ చీము పట్టలేదు. మా నర్సు సుక్రి కట్టు కట్టడం అలాంటిది. ఎవరికెక్కడన్నది చీటీ తీస్తాం. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, నాకు తోచినచోట వేస్తాను."

"మీ ఇష్టం బాబూ, ఆడు బతికితే సాలు" అన్నాడు శంకరరావు.

చీటీలో తొడ వచ్చింది.

సింహాచలమ్మ ముఖం చెవులదాకా వేడెక్కింది. పెళ్లీడు పిల్లాడికి అక్కడా? పైగా ఆ పచ్చబొట్ల నర్సు పిల్ల శుభ్రం చేస్తుందట. అంత భయంలోనూ ఈ సిగ్గొకటి వచ్చి పక్కన కూర్చుంది. పక్క బెంచీ మీద బాలామణి అనే ఆవిడ, సాలూరు మనిషి, అప్పటికే అంతా వినేసింది.

"తొడే నయమమ్మా. మా ఆయనికి మెడకాడ ఎట్టేరు. తల తిప్పనేకపోతన్నాడు పాపం. ఇన్నాళ్లూ పక్క క్వార్టరు దిక్కే తిప్పీవోడు, ఆలకిప్పుడు ఇశ్రాంతి."

వరండా అంతా నవ్వింది. సింహాచలమ్మ కూడా నవ్వబోయింది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

సుక్రి చేతిలో స్టీలు ట్రే. అందులో తడిసిన దూది ఉండలు, కత్తెర, కత్తెర పక్కన మెలికపడి ఒక నల్లతాడు. తాడుకి చిన్న వెండి బిళ్ల. ఆ బిళ్ల సింహాచలమ్మ తనే కట్టింది, హరీష్ ఉద్యోగంలో చేరడానికి వస్తున్నప్పుడు.

మొలతాడు పాతబడితే కొత్తది కట్టి, ఆ తర్వాతే పాతది కోస్తారు. మగవాడి మొల ఒక్క క్షణమైనా ఖాళీగా ఉండకూడదు. ఖాళీ మొలతో పంపేది ఒక్కచోటికే.

"ఓలమ్మో!" ఆ కేకకి వరండా చివర స్ట్రెచరు తోస్తున్నవాడు ఆగిపోయాడు. "ఎవుర్తివే నువ్వు? నా కొడుకు బతికుండగానే మొలతాడు కోసీసేవా? ఆడి మొల బోడి సేసీసేవా?"

"మావుసీ, వినండి. నేను ముందే..." సుక్రి పిన్ని వరస పెట్టి ఒరియాలో పిలిచి, వచ్చిన తెలుగులో చెప్పబోయింది.

"ఏటే ఇనేది? కొండోల పిల్లవి, నీకేటి తెలుస్తాదే మా ఆచారం? మొల ఏటో మెడ ఏటో ఎరగని జాతిని తెచ్చి నా కొడుకు మీద ఒదిలీసేరు! ఈ ఆస్పత్రిలో మనుసులే నేరేటి?"

 బాలామణి గోడవైపు చూసింది. వరండాలో సగంమంది ఆ కొండల మనుషులే. గోడకి చేరబడి, జొన్నపిండి సంచీలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు. వాళ్లకి తెలుగు అర్థమైందో లేదో తెలియదు గాని, కేక అర్థమైంది.

సుక్రి ట్రే మీద గుడ్డ కప్పింది. వెండి బిళ్ల తీసి, స్పిరిటు దూదితో తుడిచి, బెంచీ మీద పెట్టింది. "గొట్టం పడింది. బీపీ నిలుస్తోంది. చేతులు కడుక్కుని రండి మావుసీ, ఒక్కసారి చూసి వెళ్దురు" అంది. గొంతులో ఏ మార్పూ లేదు.

"మా సేతులు సుబ్బరంగానే ఉన్నాయి. నీ సేతులు కడుక్కో ముందు."

బీపీ నిలిచినందుకు దండం పెట్టాల్సిన చేతుల్ని ఆమె చంకల్లో దోపుకుంది.

శంకరరావు కొట్టు చూసుకుని రావాలని ఆ పూటే రాయగడ వెళ్లాడు. మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొస్తూ, భార్య చెప్పినట్టే మజ్జిగౌరమ్మ పాదాల దగ్గర పెట్టిన తాడు తెచ్చాడు. పసుపు ముద్దలో తడిపి ఆరబెట్టిన తాడు. ఇంకా పూర్తిగా ఆరలేదు. పొట్లం కట్టిన కాగితం కూడా పచ్చబడింది.

"డాక్టరుకో మాట సెప్పి కట్టు" అన్నాడు.

"సెప్తే కట్టనిస్తారేటి? ఆ పిల్ల మళ్లీ కత్తెరట్టుకొస్తాది."

సాయంత్రం చూడనిచ్చే వేళ ఒక్కొక్కర్నే లోపలికి పంపారు. సింహాచలమ్మ కొళాయి కింద చేతులు పెట్టింది. నీళ్లు తగలగానే తీసేసింది. తాడు రవికెలో ఉంది, తడి చేత్తో తీస్తే పసుపు కారుతుందని భయం. సుక్రి ఆ చివర మంచం మీద మనిషికి ఊపిరి గొట్టం సర్దుతోంది. ఇటు వీపు.

హరీష్ కళ్లు మూసుకునే ఉన్నాడు. పెదాలు పొక్కులు కట్టాయి. ఆమె ముంగురులు సర్దుతున్నట్టు వంగి, దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చింది. నడుం కింద నుంచి తాడు దూర్చడం కష్టమైంది. మనిషి బరువు. వేళ్లకి బొడ్డుపైన ఏదో బ్యాండేజీ గుడ్డ తగిలింది, నడుం చుట్టూ తిరిగి ఉంది. గొట్టం నిలవడానికి కట్టుంటారనుకుని దాన్ని పైకి నెట్టి, కింద తన తాడు తెచ్చి ముడేసింది. ముడి కనిపిస్తే మళ్లీ కోసేస్తారు. తొడ మొదట్లో గొట్టం మీద వేసిన ప్లాస్టరు అంచు గోటితో ఎత్తింది. ముడి కొసలు దాని కిందికి తోసి, బొటనవేలితో అంచు అదిమింది. ప్లాస్టరు సరిగ్గా అంటలేదు. ఇంకోసారి అదిమింది.

హరీష్ చిన్నగా మూలిగాడు.

"అయిపోయింది నాన్నా, అయిపోయింది" అంది. ఆ పూట వరండాలో ఆమె అన్నం తింది. రాయగడ వదిలాక మొదటిసారి కడుపునిండా తింది.

రెండు రోజులు వాడు బాగానే ఉన్నాడు, మధ్యమధ్యలో తెలివి కూడా వస్తోందట. మూడోనాడు పొద్దున్నే చలి పట్టుకుంది. మంచం ఇనప చట్రం టకటకలాడేంత వణుకు. తలుపు సందులోంచి అది విని సింహాచలమ్మ లేచి నిలబడింది. మలేరియా చలి కాదట. మలేరియా పురుగు రక్తంలో తగ్గిపోయిందట. ఎక్కడినుంచో కొత్తగా విషం పాకుతోందట. ఆ మాట అటెండరు చెప్పి వెళ్లగానే ఆమె చూపు తన కుడిచేతి బొటనవేలి మీద పడింది. గోటిసందులో పసుపు.

కొడుకు మొహం కడుగుతానని చెప్పి లోపలికి వెళ్లింది. కట్టు విప్పడానికి సామాను సర్దుకోవాలని సుక్రి అలమర దగ్గరికి నడుస్తోంది. ఎంతో వ్యవధి లేదు. సింహాచలమ్మ దుప్పటి ఎత్తి, ముడి విప్పి తాడు లాగింది. తడిగా, జిగటగా ఊడొచ్చింది. కొంగుచివర పెట్టి ముడేసుకుని వరండాలోకొచ్చి కూర్చుంది. మొహం కడగలేదు.

కాసేపటికి చంద్రశేఖరం బయటికొచ్చాడు. వెనకే సుక్రి, ఆమె వెనక తెల్లచీర హెడ్ సిస్టరు. డాక్టరు మొహం మాడిపోయి ఉంది.

"అమ్మా, తొడ దగ్గర చీము పట్టింది. ఆ గొట్టం తీసేస్తున్నాం. మెడకి వేరేది వేస్తాం. ఒక్క మాట అడగాలి. సుక్రి అంటోంది, ప్లాస్టరు అంచు ఎవరో ఎత్తారని, లోపల పసుపులాంటిది ఉందని. అది మేం రాసే మందు రంగులానే కనిపిస్తోంది నాకు. అయినా అడుగుతున్నాను. మీరేమైనా తాడుగానీ పసుపుగానీ పెట్టారా?"

సింహాచలమ్మ నోరు తెరిచింది. వరండాలో అందరూ ఉన్నారు. బాలామణి ఉంది. కేక విన్న కొండల ఆడవాళ్లున్నారు. తాడు పేరు చెప్పి ఊరంతా వినేలా తిట్టిన నోటితో, ఆ తాడే నా కొడుక్కి విషమెక్కించింది అని ఎలా చెప్పడం? తల్లే పెట్టిందని వీడు రేపు ఎవరినోటనైనా వింటే? కొంగు ముడి అరచేతిలో నలిగింది.

"నానేటీ ఎరగను బాబూ" అంది. "దేవుడి మీదొట్టు, నానేటీ ముట్టనేదు."

సుక్రి ఆమె వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే సింహాచలమ్మకి బాగుండేది. ఆ పిల్ల ఆమె మొహం చూసి, అక్కడినుంచి కొంగు పట్టుకున్న పిడికిలి మీదికి చూపు దించి, అక్కడ కాస్త ఆగి, తీసేసింది. 

"చూశావా?" అంది హెడ్ సిస్టరు హిందీలో. "కట్టు నువ్వు సరిగా కట్టక, పేషంటు తల్లి మీద పెడతావా?"

"మొన్న నన్నేమో తిట్టిందని కక్ష పెట్టుకున్నావేటి పిల్లా?" అన్నాడు శంకరరావు. అతనికి తాడు సంగతి తెలుసు. ప్లాస్టరు సంగతి తెలియదు. తెలియనట్టే ఉండాలనుకున్నాడేమో, భార్య వైపు తిరగలేదు.

చంద్రశేఖరం అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లూ ఒక్కటీ చెడలేదు సుక్రీ" అన్నాడు. తిట్టినట్టు లేదు. అందుకే ఆ మాటకి ఆ పిల్ల తన చేతులకేసి చూసుకుంది.

సుక్రిని ఐ.సి.యు. నుంచి తీసి ఆడవాళ్ల వార్డుకి పంపేశారు.

మెడకి గొట్టం వేసేటప్పుడు తెర పూర్తిగా మూయలేదు. సింహాచలమ్మ అద్దానికి నుదురు ఆనించి చూసింది. హరీష్ తల ఒక పక్కకి తిప్పి, మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. మెడమీద జిగురులాంటిది రాసి, డాక్టరు స్కానింగ్ మిషన్ పిడిని మెల్లగా జరుపుతుంటే, చిన్న టీవీలో బూడిదరంగు మబ్బుల మధ్య రెండు నల్లటి గుండ్రాలు కనిపించాయి. పిడితో నొక్కితే ఒకటి అణిగిపోయింది, రెండోది కొట్టుకుంటూనే ఉంది. అణిగేదే సిర కాబోలు. సూది మొన మెరుపు పురుగులా ఆ గుండ్రంలోకి దూరింది.

"గుడ్డ ఇవ్వు సుక్రీ" అన్నాడు చంద్రశేఖరం తలెత్తకుండా.

కొత్త నర్సు గుడ్డ ఇచ్చింది. అతను ఒక్కక్షణం ఆ చేతులకేసి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

అద్దం మీద సింహాచలమ్మ ఊపిరి ఆవిరి కట్టింది. తుడవడానికి చెయ్యెత్తి, గోటిసందు చూసుకుని, దించేసింది.

తర్వాతి రోజుల్లో ఆమె వరండాలో కూర్చోవడానికి చోటు మార్చింది. మెట్ల మూలకి పోయింది. అక్కడినుంచి తలుపు కనిపించదు, ఆడవాళ్ల వార్డుకి వెళ్లే దారి కూడా కనిపించదు. బాలామణి టీ తెచ్చిస్తే తాగింది. "ఆ కొండపిల్ల పోయిందిలెండి, పీడ ఒదిలింది" అని బాలామణి అంటే, టీ గొంతులో అడ్డం పడి దగ్గింది. కొంగు ముడి విప్పి తాడు ఎక్కడైనా పారెయ్యాలని రెండుమూడుసార్లు లేచింది. మురుగుకాలవ దాకా వెళ్లింది. అమ్మవారి తాడు మురుగులో వెయ్యడానికి చెయ్యాడలేదు. దాచుకోడానికీ మనసొప్పలేదు. చీర మార్చుకున్నప్పుడు ముడి విప్పి, కొత్త చీర కొంగులో మళ్లీ ముడేసుకుంది.

హరీష్ మళ్లీ కళ్లు తెరిచాడు. నీళ్లడిగాడు. జ్వరం దిగింది. మెడ దగ్గర గొట్టం కూడా తీసేసి, మగవాళ్ల జనరల్ వార్డుకి మార్చారు. "ఇంక భయం లేదమ్మా" అన్నాడు చంద్రశేఖరం. ఇన్నాళ్లూ ఆ మాట కోసమే బతికిన మనిషి, విన్నాక "అలాగే బాబూ" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్న వేడినీళ్ల బకెట్టు, తువ్వాలు పెట్టుకుని కొడుకు ఒళ్లు తుడవడానికి కూర్చుంది. శంకరరావు తెర లాగాడు. చేతులు తుడిచింది, బయటికి తేలిన పక్కటెముకలు తుడిచింది. బొడ్డుపైన తువ్వాలు ఆగింది.

బ్యాండేజీ గుడ్డ. ఆ రోజు దుప్పటి కింద వేళ్లకి తగిలి, తను పైకి నెట్టేసిందే. ఇప్పుడు వెలుతురులో చూసింది. అడ్డదిడ్డంగా చుట్టిన కట్టు కాదది. గుడ్డని సన్నగా చీల్చి మూడుపేటలు జడలా అల్లారు. నడుం చుట్టూ తిప్పి, ఒరుసుకోకుండా పక్కకి ముడేశారు. ముడికి కొసలు సమంగా కత్తిరించి ఉన్నాయి.

"ఇదేట్రా?"

"మొలతాడు" అన్నాడు హరీష్. గొంతు ఇంకా గరగరగానే ఉంది. "సుక్రి సిస్టరు కట్టింది. ఆ సలి రాకముందు నాకు కొంచెం తెలివొచ్చినప్పుడు, ఇదేటని అడిగేను. 'సిన్నప్పుడు మా ఊరు బొయిపరిగుడలో మా ఇంటెనకాల తెలుగోల కొట్టుండేది, ఆలు ముందు కొత్తది కట్టి అప్పుడు పాతది కోసీవోలు, సూసేను' అంది. 'తొడకాడ సుబ్బరం సెయ్యాలంటే నీ తాడు కొయ్యక తప్పనేదు, అందుకని ముందు ఇది అల్లి కట్టేను, నీ మొల ఒక్క నిమసం కూడా ఖాళీగా నేదని మీ అమ్మకి సెప్పు' అంది." చెప్పి ఆయాసంతో ఆగాడు. "నీకు సెప్పబోతే ఇన్నావు కాదంటగా."

మావుసీ, వినండి. నేను ముందే...

తువ్వాలు బకెట్టులో పడింది. శంకరరావు తెర అంచు పట్టుకుని నిలబడి, ఆ గుడ్డ జడవైపు చూసి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఆ సిస్టరు కనిపించడం నేదేటమ్మా? డ్యూటీ మార్సేరా?"

సింహాచలమ్మ తువ్వాలు పిండింది. పిండిందే పిండింది. నీళ్లు రావడం మానేశాక కూడా పిండుతూనే ఉంది. తర్వాత దాన్ని మంచం కమ్మీ మీద ఆరేసి లేచింది.

"యాడికే?" అన్నాడు శంకరరావు. ఆమె నడుస్తూనే ఉంది. "ఏటే, అయిపోయిందాన్ని ఇప్పుడు తవ్వుకోడం యాల? బిడ్డ బతికేడు, ఎల్లిపోదాం" అంటూ నాలుగడుగులు వెంట వచ్చి, వార్డు గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

చంద్రశేఖరం బల్ల దగ్గర హెడ్ సిస్టరు కూడా ఉంది. మంచిదే అనుకుంది సింహాచలమ్మ. కొంగు ముడి ఎండి రాయిలా బిగుసుకుపోయింది. పళ్లతో లాగి విప్పింది. తాడు బల్లమీద పెట్టింది. పసుపు గోధుమరంగుకి తిరిగి, కొసలు అట్టకట్టి ఉన్నాయి.

"నానే బాబూ" అంది. "ప్లాస్టరు అంచు ఎత్తి కింద దోపేను. సేతులు కడుక్కోనేదు. ఆ పిల్ల సెప్పింది నిజివే. మీరడిగితే దేవుడి మీద ఒట్టేసి అబద్దమాడేను."

డాక్టరు తాడుని తాకలేదు. చాలాసేపు చూశాడు. తొడ, మెడ, ఎముక అని పోల్చుకుంటూ ఆ మనిషి ఎన్నాళ్ల నుంచి కష్టపడుతున్నాడో ఆమెకి తెలియదు గాని, ఆ తాడు చూస్తున్న చూపులో దాని బరువు తెలిసింది.

"ఆ అమ్మాయి నాతో ఎన్నాళ్లుగానో పనిచేస్తోంది" అన్నాడు చివరికి. "మిమ్మల్ని నేను అంతకుముందు చూడలేదు. మీరు మా ఊరి మాటలో లేదన్నారు. నేను నమ్మేశాను."

 హెడ్ సిస్టరు "ఈ నెలకి డ్యూటీలు వేసేశాం డాక్టర్, ఇప్పుడు మార్చడం కుదరదు" అంది. "మాట మార్చొచ్చు కదా సిస్టర్? సుక్రి మీద మనం అన్న మాట" అన్నాడతను. ఆ ఇద్దరూ వాదించుకుంటూ ఉండగానే సింహాచలమ్మ బయటికొచ్చేసింది.

ఆడవాళ్ల వార్డులో మంచాలు చాలక నేలమీద కూడా పరుపులు వేశారు. సుక్రి ఆ చివర స్టూలు మీద కూర్చుని ఉంది. ఎదురుగా మంచం మీద ఒక ముసలామె, ముక్కుకి రెండుపక్కలా పోగులు, కాలు మోకాలి కింద నుంచి కాలిపోయి ఉంది. పొయ్యిలో పడిందేమో. సుక్రి పాత కట్టుని ఉప్పునీళ్లతో తడుపుతూ, పొర పొరా ఊడదీస్తోంది. కొంచెం లాగినప్పుడల్లా ముసలామె కాలు గుంజుకుంటోంది. సుక్రి ఆగి, వాళ్ల కొండమాట దేసియాలో ఏదో చెప్పి, మళ్లీ తడుపుతోంది.

సింహాచలమ్మ వెళ్లి ఎదురుగా నిలబడింది. వార్డంతా చూస్తోంది. ఆ వరండాలో ఎంతమంది విన్నారో ఇక్కడ కూడా అంతమంది వినాలని గొంతు పెంచబోయింది.  చివరికి వచ్చిన గొంతుతోనే అంది.

"అమ్మీ, డాక్టరుబాబుకి సెప్పీసేను. నానే సేసేను. నిన్ను అనరాని మాటలన్నాను. నువ్వు కట్టింది ఇప్పుడు సూసేను." ఆగింది. "మనుసులే నేరేటన్నాను నిన్ను. నానే అయ్యేను కాదు మనిసిని."

సుక్రి తలెత్తలేదు. సీసా వంచి నీళ్లు పోసింది. కట్టు ఇంకో పొర లేచింది.

"తిట్టు అమ్మీ. ఏటో ఒకటను. పడతాను."

ముసలామె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. సుక్రి పట్టకారుతో ఒక దారపుపోగు తీసి ట్రేలో వేసింది. ఇంకోటి తీసింది. కొత్త గుడ్డ చుట్ట తీసి, కొస కత్తెరతో కత్తిరించి, తుడిచిన ట్రేలో పరిచింది. మందు సీసా మూత తిప్పింది. వార్డులో ఎవరో బిడ్డ ఏడ్చి ఊరుకుంది. కిటికీ అవతల నీళ్ల ట్యాంకు నిండి పొర్లుతున్న చప్పుడు. సింహాచలమ్మ కాళ్లు పీకాయి. వెళ్లిపొమ్మని అర్థమేమో అనుకుంది. వెళ్లిపోవడానికే ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. కానీ ఇన్నాళ్లూ మెట్ల మూలకి పోయి కూర్చున్న కాళ్లు ఈసారి అక్కడే ఆగాయి.

చివరి పొర ఊడదీయబోతే ముసలామె గట్టిగా అరిచి కాలు లాక్కుంది. సుక్రి సీసా కింద పెట్టింది. మొదటిసారి కళ్లెత్తి, సింహాచలమ్మ మొహంకేసి కాకుండా ఆమె చేతులకేసి చూసింది. అలా చూస్తూనే ఉంది.

"చేతులు కడుక్కుని రండి మావుసీ" అంది. "సబ్బుతో. ఈమె పాదం కదలకుండా పట్టుకోడానికి ఒక మనిషి కావాలి."